చివరి వరసలో చీకటి

నేను ఒక గుంటల పళ్ళేన్ని. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారో ముందే చెప్పేస్తాను. మేడ మీద చక్రపాణి గారు; పెద్ద చదువు చదివిన మనిషి, అందరూ సారు అంటారు. ఆయన దగ్గర పరిశోధన చేసే సులోచన. మెట్ల మీద, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక, మడ అడవి నుంచి ఆకులు తెచ్చే సత్తెయ్య. కింద వాటాలో ఇంటావిడ మాణిక్యాంబ గారు, తలకి తువ్వాలు చుట్టుకుని మంచం మీద. ఆవిడ భర్త సూర్యారావు గారు, వంటింట్లో జావ కాస్తూ. ఇంకా నేను, పూజగదిలో, యంత్రం నోట్లో.

పూజగదిలో యంత్రమేమిటి అనుకుంటారు. అది కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక వచ్చే ఒక మేడ. పైవాటా సారు అద్దెకి తీసుకుని, ల్యాబు అని బోర్డు పెట్టారు. పని అంతా వంటగట్టు మీదే. పడగ్గదిలో ఐసుపెట్టె. పూజగదికి కిటికీ లేదు, చీకటిగా ఉంటుంది కాబట్టి, వెలుగుని కొలిచే యంత్రాన్ని అక్కడ పెట్టారు. గోడ మీద ఎప్పటివో కుంకుమ బొట్లు, వాటి కింద దీపం మసి, మసి మీద నూనె జిడ్డు. ఆ జిడ్డుకి ఆనుకునే పరిశోధన. నాకు మొదటి రోజు నుంచీ ఒళ్ళు జలదరించేది.

నేను పుట్టిన చోటు ఇలాంటిది కాదు. అక్కడ మనుషులు తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి గుడ్డలు కప్పుకుని తిరిగేవారు. వాళ్ళ ఊపిరి కూడా నా మీద పడకూడదని మూతికి గుడ్డ కట్టుకునేవారు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో పడి, చల్లారి, నల్లగా నిగనిగలాడుతూ నేను బయటికొచ్చాను. అరచెయ్యంత ఉంటాను. ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు గుంటలు. ఒక్కో గుంటలో నాలుగైదు బొట్లు పడతాయి, అంతే. నన్ను సంచిలో పెట్టి, అంచులు అతికించి, పైన ఒక మాట అచ్చువేశారు: ఒక్కసారి వాడి పారవేయవలెను. ఆ మాట చూసి నాకు భయం వెయ్యలేదు. గర్వంగా అనిపించింది. ఒక్కసారి, శుభ్రంగా, ఒక్క పని చేసి వెళ్ళిపోవడం. అలాంటి బతుకు ఎంతమందికి దొరుకుతుంది?

నాకూ దొరకలేదు.

నా పని ఏమిటో చెప్పకపోతే జరిగింది మీకు అర్థం కాదు. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక సన్నటి, పొడుగాటి దారం ఉంటుంది. డీఎన్ఏ అంటారు. ముక్కు ఎలా ఉండాలో, తిన్నది ఎలా అరగాలో దాని మీదే రాసి ఉంటుంది. ఎండకీ పొగకీ, ఊరికే బతుకుతున్నందుకు కూడా, ఆ దారం రోజూ అక్కడక్కడ చెడుతుంది. చెడిన చోటు వెతికి పట్టుకుని, అంతమేరా కత్తిరించి, మళ్ళీ కొత్తగా కుట్టే పనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళే ఎంజైములు. వాళ్ళకి సెలవు లేదు, మెచ్చుకునేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో నేను మనసారా గౌరవించినది వాళ్ళనే.

కానీ వాళ్ళకి మంచీ చెడూ తెలియదు. క్యాన్సరు గడ్డలో దారం చెడినా అంతే శ్రద్ధగా బాగుచేస్తారు. ఆసుపత్రిలో సూదిమందు ఎక్కించి గడ్డలోని దారాన్ని తెంపుతుంటే, వీళ్ళు వెనకాలే వెళ్ళి కుట్టేస్తుంటారు. ఆ కుట్టుపనిని ఆపే పదార్థం దొరికితే సూదిమందుకి బలం వస్తుంది. దాని కోసం ఎక్కడెక్కడో ఎందరో వెతుకుతున్నారట. మా సారు మడ అడవి ఆకుల్లో వెతుకుతున్నారు.

వెతకడం నాలోనే. గుంట గుంటలోనూ చెడిన దారం ముక్కలు కొన్ని వేస్తారు. ఒక బొట్టు ఎంజైము, ఒక బొట్టు ఆకు రసం. ఎంజైము తన పని తాను చేసుకుని దారాన్ని కత్తిరిస్తే ఆ గుంట పచ్చగా వెలుగుతుంది. ఆకు రసం ఎంజైముని ఆపేస్తే చీకటిగా ఉండిపోతుంది. చీకటి గుంట కనిపిస్తే పండగ. మొదటి వరసలో మాత్రం ఆకు రసం వెయ్యరు. ఎంజైము బాగానే ఉందా లేదా చూసుకోవడానికి ఆ వరస.

నన్ను మొదటిసారి వాడగానే సులోచన చెత్తబుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. నేను తృప్తిగా కళ్ళు మూసుకున్నాను.

"ఆగాగు, ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు సారు.

"వాడేశాం కదండీ."

"వాడితే? అన్నం తిన్న కంచం పారేస్తామా ఎక్కడైనా? కడుగు."

సులోచన కడిగింది. సారు మాటకి ఎదురు చెప్పే పిల్ల కాదు. ఆ పిల్లకి ఏ మాటైనా గొంతులో సగం దాకా వచ్చి ఆగిపోతుంది. మిగతా సగం ఏమై ఉంటుందో ఎదుటివాళ్ళే ఊహించుకోవాలి. సారుకి ఊహించే ఓపిక లేదు.

మొదట్లో బట్టల సబ్బు పొడితో కడిగేవారు. ఎండాక తెల్లటి పొర కనిపించేది. సారు నన్ను వెలుతురుకి ఎత్తి పట్టుకుని మొహం చిట్లించారు. "రసాయనం. ఇది పోదు. మన లెక్కలన్నీ పాడుచేస్తుంది." ఆ మాట పెరట్లో కూర్చున్న మాణిక్యాంబ గారికి వినిపించింది.

"కుంకుడు రసంతో కడగండి బాబూ. నా గొలుసూ గాజులూ దాంతోనే కడుగుతాను, ఎలా మెరుస్తాయో చూడండి. డబ్బాడు కుంకుడుకాయలు ఉన్నాయి ఇంట్లో. నాకింక తలంటు పని లేదు కదా." ఇలా అని తలకి చుట్టుకున్న తువ్వాలు సర్దుకుని నవ్వింది. ఆ నవ్వు వంటింట్లోకి వినిపించినా, సూర్యారావు గారు నవ్వలేదు.

"అద్భుతం," అన్నారు సారు. "ప్రకృతి సిద్ధం. ఏమీ మిగలదు."

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఆ స్నానం గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు డోకు వస్తుంది. పెరట్లో పగిలిన బేసిన్. అందులో పేడరంగు నురగ. నురగలో తొక్కలు, గింజలు, ఒక్కోసారి చచ్చిన చీమలు. ఎవరి నోట్లోనో అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో నా గుంటలన్నీ తోమేవారు. తరవాత ఒక్క చెంబు నీళ్ళు. కుళాయి రోజుకి కాసేపే వస్తుంది కాబట్టి ఒక్క చెంబే. అప్పుడు నన్ను పిట్టగోడకి ఆనించి ఆరబెట్టేవారు. ఎప్పుడూ ఒకేలా: మొదటి వరస పైకి, చివరి వరస కిందికి. పైనుంచి జారిన రసమంతా చివరి వరసలో నిలిచి, ఎండకి పొరకట్టేది. కుంకుడు పొర కంటికి కనిపించదు. నాకు మాత్రం గొంతులో కఫం అడ్డుపడ్డట్టు ఉండేది.

ఎంజైముకి కుంకుడు రసం పడదు. ఎంజైము అంటే ఎన్నో మడతలు పెట్టిన వస్తువు. ఆ మడతల్లోనే దాని పనితనం. నురగ తగిలితే మడతలు ఊడిపోతాయి. కుచ్చిళ్ళు జారిన చీరలా కుప్పపడుతుంది, ఇంక దారాన్ని పట్టుకోలేదు. ఈ సంగతి నాకు తెలుసు. నాకు తొంభై ఆరు నోళ్ళు ఉన్నాయి కానీ మాట లేదు.

చివరి వరసలో వేసేది తిల్ల ఆకు రసం. దానికీ ఒక కారణం ఉంది. సత్తెయ్య గోతాం దించినప్పుడల్లా ఒకటే చెప్పేవాడు: "ఆయ్, ఇది తిల్లండి బాబుగారు. అడివిలోకెళ్తే దీని జోలికి ఎవరం పోమండి. కొమ్మ ఇరిస్తే పాలు కారతాయండి, కంట్లో పడ్డాయంటే ఇంక చూపు మీద ఆశ వదులుకోటవేనండి." అందుకని సారు దాన్ని అన్నిటికంటే ఆఖర్న తీసేవారు, అదయ్యాక చేతి తొడుగులు పారెయ్యచ్చని. నన్ను పారెయ్యడానికి మనసొప్పని మనిషి, తొడుగులు మాత్రం వెంటనే పారేసేవారు.

గోతాంలోంచి వచ్చే వాసన మీకు చెప్పలేను. మడ బురద వాసన ఎలా ఉంటుందంటే, కుళ్ళిన గుడ్డూ, చచ్చిన పీతా, నిలవ నీరూ కలిసి ఎండలో నానినట్టుంటుంది. అది ఆకులతోబాటు మేడంతా తిరిగేది. ఆకులు నూరి, వడకట్టి తెచ్చిన రసాలు కొన్ని చీమిడి రంగు, కొన్ని తుప్పు రంగు. అవన్నీ నాలో పోస్తుంటే సారు పక్కన నిలబడి మరమరాలు నమిలేవారు. మాట్లాడుతూ నమిలేవారు. నమిలింది నా మీద పడేది. ఐసుపెట్టెలో ఎంజైము సీసా పక్కన ఆయన గోంగూర పచ్చడి గిన్నె ఉండేది. ఎంజైము ఏమీ అనేది కాదు.

ఇంక ఆ రోజు సంగతి.

యంత్రం నన్ను చదివి బయటికి నెట్టింది. ఏడు వరసలు పచ్చగా వెలిగాయి. ఎనిమిదో వరస చీకటి. అలా కావడం అది మూడోసారి. సారు తెర వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ తెర వైపు.

"దొరికింది! సులోచనా, దొరికిందమ్మా! తిల్ల! నేను చెప్పలా?"

ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నన్ను రెండు చేతులతో ఎత్తి ముద్దు పెట్టుకున్నారు. మీసాలకి ఉల్లిపాయ పకోడీ వాసన. తెల్లగుడ్డలు కప్పుకుని, ఊపిరి కూడా తగలకుండా నన్ను చేసినవాళ్ళు ఆ ముద్దు చూస్తే ఏమనుకునేవారో.

సత్తెయ్య మెట్ల మీంచి తల లోపలికి పెట్టాడు. "ఏటండీ, మా తిల్లేనాండీ? క్యాన్సరుకి మందాండీ?"

"మందు కాదు సత్తెయ్యా. మందుకి తల్లి!"

"ఓరి దీని తస్సాదియ్యా. కంపచెట్టని తన్ని అవతల పారేసేవోణ్ణండి."

"సార్," అంది సులోచన. "ఇంకోసారి... కొత్త ప్లేటులో..."

"అనుమానం పిల్లవమ్మా నువ్వు. ఇంతకుముందు చేసినప్పుడూ తిల్లే కదా చీకటి పడింది? ప్రతిసారీ అదే. ప్రతిసారీ అదే వస్తే దాన్నేమంటారు? నిజం అంటారు."

ప్రతిసారీ అదే పళ్ళెం, అదే వరస, అదే పిట్టగోడ. దాన్ని నిజం అన్నందుకు నాకు అసహ్యం వేసింది. కానీ అసలు అసహ్యం ఇంకా ముందుంది.

సారు నన్ను చేత్తో పట్టుకునే మెట్లు దిగారు. మాణిక్యాంబ గారి మంచం దగ్గర నిలబడి నన్ను హారతి పళ్ళెంలా ముందుకి చాపారు. "అమ్మా, మీకు ముందు చెప్పాలని వచ్చాను. దేవుడు మందు మీ ఇంటి మేడ మీదే పెట్టాడు." ఈ మాట వీధి దాకా వినిపించేలా అన్నారు. తరవాత గొంతు తగ్గించి, గుమ్మం వైపు తిరుగుతూ, "ఇంకా చాలా పరీక్షలు ఉంటాయనుకోండి, మనుషులదాకా రావడానికి ఏళ్ళు పడుతుంది," అన్నారు. మొదటి మాట ఆవిడకి చెప్పారు. రెండోది గోడకి చెప్పారు.

ఆవిడ రొమ్ములో గడ్డ. ఆసుపత్రిలో కొన్ని సూదులు అయ్యాయి, ఇంకా కొన్ని ఉన్నాయి. సూది వేయించుకుని వచ్చిన రోజుల్లో పెరట్లో కూర్చుని వాంతి చేసుకునేది. జుట్టు పోయింది. నోటికి రుచి పోయి, పులుసైనా పాయసమైనా ఇనుము నాకినట్టుందనేది. నేను పిట్టగోడ మీంచి అంతా చూసేదాన్ని. మనుషుల వాంతులు చూస్తే నాకు రోత. ఆవిడ వాంతి చూసినప్పుడు మాత్రం రోత ఆవిడ మీద కలగలేదు.

మర్నాడు సత్తెయ్య పైకి రాలేదు. పెరటి దారిన నేరుగా కింద వాటాకి వెళ్ళాడు. చేతిలో తిల్ల ఆకుల కట్ట.

"లేతాకులే కోసుకొచ్చానండి అమ్మగారు. పాలు లేకుండా కడిగేశానండి."

"నీ పిల్లలు చల్లగా ఉండాలి నాయనా."

ఆకులు మిక్సీలో తిరిగాయి. గ్లాసులో పోస్తే, చెరువు అడుగున పట్టే నాచులా, తీగలు సాగుతూ దిగింది. మజ్జిగ కలిపింది. నేను ఎండలో ఆరుతూ చూస్తున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని దేవుడి ప్రసాదంలా తాగింది. తాగాక మూతి తుడుచుకోలేదు, ఆ జిగురు వృథా అవుతుందని నాలుకతో నాకింది.

రెండు మూడు రోజులకి పెదవులు పొక్కాయి. నాలుక పగిలింది. అన్నం మింగలేక ఉమ్మేసేది. "ఒంట్లో చెడు బయటికి పోతోందండీ," అనేది భర్తతో, ఆ మాట కూడా నత్తినత్తిగా.

"ఏమేవ్, గురువారం సూదికెళ్ళాలి," అన్నారాయన.

"నేను రాను."

"అదేం మాట?"

"ఆ సూది నా జుట్టు తీసుకుంది. నా నోరు తీసుకుంది. ఇంకా ఏం ఇవ్వాలి దానికి? ఇంటి మీదే మందుంటే ఆ కుర్చీలో కూర్చుని చేతికి పొడిపించుకోవాల్సిన ఖర్మ నాకేంటి? ఇంకోసారి సూది అన్నారంటే నేను మాట్లాడను."

సూర్యారావు గారు పైకి వచ్చారు. ఆ మనిషి మెట్లు ఎక్కడం నేను చూడటం అదే మొదటిసారి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, వంటగట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. "సారూ, మీ మాట మీద దానికి గురి. సూది మానొద్దని మీరొక్క మాట చెప్పండి. ఇప్పుడు మానేస్తే గడ్డ తిరగబెడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంక చెయ్యడానికేం ఉండదంది."

"తప్పకుండానండి. నేను చెప్పనూ?" అన్నారు సారు.

చెప్పారు కూడా. సాయంత్రం పెరట్లో, ఆవిడ తాగి పెట్టిన గ్లాసు ఇంకా చప్టా మీద ఉండగా, అన్నారు: "డాక్టర్లు చెప్పినది కూడా వింటూ ఉండండమ్మా." అని నవ్వారు. ఆ నవ్వులో ఏముందో ఆవిడకి బాగా అర్థమైంది. డాక్టర్లు వేరు, మనం వేరు అని. ఆ నవ్వు చూశాక నాకు మడ బురద వాసన నయమనిపించింది.

సోమవారం హైదరాబాదు నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. తిల్ల సంగతి విని, నచ్చితే సారు పరిశోధనకి అండగా నిలుస్తారట. అందుకని సారు గోడలకి సున్నం కొట్టించారు. పూజగదిలో కుంకుమ బొట్లు కనిపించకుండా క్యాలెండరు తగిలించారు. సులోచనతో, "ఆదివారం ఇంకోసారి చేసి పెట్టు, వాళ్ళకి చూపించడానికి తాజా ఫలితం ఉండాలి," అన్నారు.

సులోచన ఒక్కతే ఉంది ఆదివారం. నాలో ముందు మంచినీళ్ళ బొట్లు వేసింది, బొట్లు కొలిచి వేసే పిపెట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి. పై వరసల్లో నీళ్ళు నీళ్ళలాగే నిలిచాయి. చివరి వరసకి వచ్చేసరికి బొట్టు పడగానే అంచున చిన్న బుడగ లేచింది. ఇంకో గుంటలో ఇంకో బుడగ. ఆ పిల్ల చెయ్యి ఆగింది. నన్ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. పిపెట్టు మొనతో తిప్పింది. నురగ.

నేను పుట్టినప్పటి నుంచీ ఒక మనిషి నన్ను అంత దగ్గరగా, అంత బుద్ధిగా చూడటం అదే.

నీళ్ళు వంచేసి, తిల్ల రసం సీసా పక్కన పెట్టేసింది. ఏ ఆకు రసమూ వెయ్యలేదు. అన్ని గుంటల్లోనూ దారం ముక్కలు, ఎంజైము, అంతే. యంత్రంలో పెట్టింది. ఏడు వరసలు పచ్చగా వెలిగాయి. చివరి వరస చీకటి. తిల్ల లేదు, ఆకు లేదు, అడవే లేదు. అయినా చీకటి.

సులోచన నన్ను యంత్రంలోంచి తీసుకుంది. నాతోనే పెరట్లోకి వెళ్ళింది. బేసిన్ చూసింది, పిట్టగోడ చూసింది, నన్ను ఆనించే చోట గోడ మీద పడ్డ మరక చూసింది.

సారు వచ్చాక నన్ను ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"తిల్ల వెయ్యలేదండి. ఊరికే... ఖాళీగా... అయినా ఆగిపోయింది. కుంకుడు రసమండి. నేను సరిగ్గా కడగలేదు."

సారు నన్ను వెలుతురుకి ఎత్తి చూశారు. ఆయన తెలివైనవాడు, అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఆయన మొహంలో ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. నేను దాన్ని దగ్గర నుంచి చూశాను. పాలమీద ఈగ వాలినట్టు వాలింది.

"సోమవారం పోనీ. ఆ తరవాత కొత్త ప్లేట్లు తెప్పించి నిదానంగా చూద్దాం."

"కింద పిన్నిగారు ఆ రసం తాగుతున్నారండి. గురువారం సూదికి వెళ్ళనంటున్నారు."

"నేను తాగమన్నానా?"

సులోచన నన్ను ఆయన వైపు ఇంకా దగ్గరికి జరిపింది.

"అన్నానా చెప్పు? తాగేది ఆవిడ. తెచ్చేది వాడు. నేను మందు అన్నాను, తాగండి అన్నానా?"

"తాగొద్దనీ అనలేదు కదండీ."

ఆ మాట మొత్తం బయటికి వచ్చింది. సగంలో ఆగలేదు. సారు కూడా అదే గమనించినట్టున్నారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూడు సులోచనా. నీ పరిశోధన కాగితాల మీద సంతకం పెట్టాల్సింది నేను. ఇప్పుడు నువ్వు కిందకెళ్ళి ఏదో వాగితే, ఆవిడ నలుగురికీ చెప్తుంది, అది వాళ్ళ చెవిన పడుతుంది. మూడేళ్ళ కష్టం. నీదీ, నాదీ. పెద్దావిడ, ఇంకో వారం ఆశగా బతికితే నీకేం పోయింది?"

ఆయన గొంతు మెత్తగా ఉంది. దయగా ఉంది. నాలో ఎన్నెన్నో పోశారు, చీమిడి రంగువీ, తుప్పు రంగువీ. ఆ దయంత రోత పుట్టించింది ఏదీ లేదు.

సులోచన నన్ను తీసుకుని బయటికి నడిచింది. "ఎక్కడికి?" అని సారు అడిగారు. ఆగలేదు. మెట్లు దిగుతుంటే ఆ పిల్ల అరచేతి చెమట నాకు అంటుకుంది. అసహ్యించుకోవాలని కూడా తోచలేదు.

తలుపు మాణిక్యాంబ గారే తీసింది. పెదవుల చుట్టూ పుండ్లు పచ్చిగా ఉన్నాయి.

"రావే పిల్లా. ఏం, మజ్జిగ కావాలా?"

"పిన్నిగారూ, ఆ తిల్ల మందు కాదండి."

ఆవిడకి అర్థం కాలేదు. నవ్వబోయి, పెదవి చిట్లి, ఆగింది. "ఎవరన్నారు?"

"ఇదండి." నన్ను చూపించింది. "తిల్ల లేకుండా చేసినా ఇలాగే వచ్చింది. కడిగిన రసం ఈ చివర మిగిలిపోయింది. అదే ఎంజైముని ఆపింది. తిల్ల ఏమీ చెయ్యలేదండి."

"కడిగిన రసమంటే, నా కుంకుడుకాయలా?"

"మీ తప్పు కాదండి. కడిగింది నేను."

"సారు చెప్పి పంపారా?"

"సారు చెప్పొద్దన్నారండి."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. "మరెందుకు చెప్పావే?"

సులోచన నన్ను రెండు చేతుల్లోకి మార్చుకుంది.

"ఎవరడిగారే నిన్ను? పొద్దున్న లేస్తూనే, ఇవాళ బాగుంటుందిలే అనుకుని లేస్తున్నాను. ఎన్నాళ్ళకో. అది చూసి ఓర్చుకోలేకపోయావా?"

"గురువారం సూదికి వెళ్ళండి పిన్నిగారూ."

"వెళ్తే బతుకుతానా? చదువుకున్నదానివిగా, చెప్పు."

అవునని చెప్పడానికి ఒక్క మాట చాలు. సారైతే రెండు చెప్పేవారు. 

"తెలీదండి," అంది సులోచన. "అది తాగితే మాత్రం నోరు పుండవుతుంది. గడ్డకి ఏమీ కాదు."

మాణిక్యాంబ గారు నన్ను చూసింది. చెయ్యి చాపి, చివరి వరసలో ఒక గుంట అంచుని వేలితో తాకింది. వేలిని వెలుతురుకి పట్టి చూసుకుంది. దానికేమీ అంటలేదు. అయినా చీర కొంగుకేసి గట్టిగా తుడుచుకుంది, పురుగుని ముట్టుకున్నట్టు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అందర్నీ నేను చూసిన చూపు అది. ఆవిడ మొదట నన్ను అలా చూసింది. తరవాత సులోచనని చూసింది.

తల లోపలికి తిప్పి, పగిలిన నాలుకతోనే గట్టిగా కేకేసింది. "ఏవండీ! గురువారానికి ఆటో అబ్బాయికి చెప్పండి."

లోపల ఏదో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"నువ్వింక నా కళ్ళబడకు," అంది సులోచనతో, మా మొహాన తలుపు వేసేసింది.